‘అంగన్‌వాడీలో ఆటే తప్ప చదువు లేదు’ అంటున్న ఒక అమ్మకు

ప్రశ్న:

మాది నల్గొండ జిల్లా, దేవరకొండకు దగ్గర్లో ఒక ఊరు. మా బాబుకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ఏడాది నుంచి మా ఊరి అంగన్‌వాడీకి పోతున్నాడు. పొద్దున ఏడవకుండా సంతోషంగానే పోతాడు. కానీ ఇంతవరకు అ, ఆ రాయడం రాలేదు. పలక ఇస్తే పిచ్చి గీతలు గీస్తాడు. "ఇయ్యాల ఏం నేర్పారు?" అంటే "ఆడుకున్నా" అంటాడు. మా తోడికోడలు కొడుకు వీడికంటే రెండు నెలలు చిన్న. వాడు దేవరకొండలో ఇంగ్లిష్ మీడియం నర్సరీకి వ్యాన్‌లో పోతాడు. ఏబీసీడీలు మొత్తం రాస్తాడు, ఇంగ్లిష్ రైమ్స్ చెప్తాడు. చుట్టాలు వస్తే వాడితో చెప్పిస్తారు. మావాడు నా కొంగు వెనక దాక్కుంటాడు. మా ఆయన హైదరాబాద్‌లో కారు డ్రైవర్. వచ్చే జూన్‌లో అప్పు చేసైనా అదే స్కూల్లో వేద్దాం అంటున్నాడు. ఇంత చిన్న పిల్లాడిని వ్యాన్ ఎక్కించొద్దని అత్తమ్మ అంటోంది. నేను పదో తరగతి చదివాను, కూలికి పోతాను. ఇంకో సంగతి, వాడికి ‘ర’ పలకదు. రైలును ‘లైలు’ అంటాడు. ఫోన్ చేతికి ఇవ్వకపోతే బువ్వ తినడు. మావాడు వెనకబడిపోతున్నాడేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

– ఒక తల్లి, దేవరకొండ ప్రాంతం

సమాధానం:

చెల్లెమ్మా, మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే మీ బాబు వెనకబడినట్టు నాకు ఎక్కడా కనపడలేదు. అమ్మను వదిలి నవ్వుతూ సెంటర్‌కు పోతున్నాడు. అడిగితే జవాబు చెప్తున్నాడు. కొత్తవాళ్లను చూస్తే మీ కొంగు పట్టుకుంటున్నాడు, అంటే భయమేస్తే ఎవరి దగ్గరికి పోవాలో వాడికి బాగా తెలుసు. పలక ఇస్తే గీస్తున్నాడు. మూడేళ్ల ఎనిమిది నెలల పిల్లాడు చేయాల్సిన పనులే ఇవన్నీ. ఉత్తరం చూసి పిల్లాడిని పరీక్ష చేసినట్టు మాట్లాడకూడదు కాబట్టి, ఏ గుర్తులు కనపడితే డాక్టర్‌కు చూపించాలో కూడా కింద చెప్తాను. ముందు మాత్రం మీ మనసు కొంచెం కుదుటపడాలి.

పలక మీద గీతల నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తగా మృదులాస్థిగా ఉంటాయి. ఒకటొకటిగా ఏళ్ల తరబడి గట్టిపడతాయి. మీ బాబు వయసులో సుమారు సగమే ఎముకలుగా మారి ఉంటాయి. చివరిది గట్టిపడేసరికి పిల్లలు బడిలో మూడు, నాలుగు తరగతులు దాటుతారు. వేళ్ల కండరాలు కూడా ఇప్పుడిప్పుడే బలం పుంజుకుంటున్నాయి. అందుకే రెండేళ్ల పిల్లలు బలపాన్ని పిడికిలి బిగించి పట్టుకుంటారు. నాలుగేళ్లకు అటూ ఇటూగా మూడు వేళ్ల మధ్యకు తెచ్చుకుంటారు, కానీ చెయ్యంతా కదిలిస్తూ గీస్తారు. వేళ్లు మాత్రమే కదిలించి చిన్న అక్షరం రాయడం చాలామందికి అయిదేళ్ల దగ్గర, ఆరేళ్ల దగ్గర కుదురుతుంది.

గీతలకూ ఒక వరుస ఉంది. ముందు ఊరికే గీకుడు. తర్వాత నిలువు గీత, అడ్డ గీత. మూడేళ్ల దగ్గర గుండ్రం వస్తుంది. నాలుగేళ్ల దగ్గర కూడిక గుర్తు. ఆ తర్వాత చతురస్రం. త్రికోణం రావడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఏటవాలు గీత పిల్లల చేతికి అంత తొందరగా లొంగదు. ఈ వరుస నల్గొండ పిల్లలకైనా న్యూయార్క్ పిల్లలకైనా కాస్త అటూ ఇటూగా ఒకటే. మన తెలుగు అక్షరాలు చూడండి, దాదాపు అన్నీ వంపులే. ‘అ’ రాయాలంటే చెయ్యి ఎన్ని మలుపులు తిరగాలో ఒకసారి మీరే నెమ్మదిగా రాసి గమనించండి. గుండ్రం ఇప్పుడిప్పుడే పడుతున్న చేతిని ‘అ’ దిద్దమంటే పిల్లాడు ఏడుస్తాడు, లేదా పలక దూరంగా నెట్టేస్తాడు. మీరు పిచ్చి గీతలు అన్నవాటిని ఈసారి దగ్గర కూర్చుని చూడండి. అందులో గుండ్రాలు కనపడుతున్నాయా? "ఇదేంది నాన్నా?" అని అడిగితే "నాయిన కారు" అనో, "కోడి" అనో చెప్తున్నాడా? అలా చెప్తుంటే వాడికి చాలా పెద్ద సంగతి అర్థమైందన్నమాట. ఒక గుర్తు ఇంకో వస్తువుకు బదులుగా నిలబడగలదని వాడికి తెలిసిపోయింది. చదువు, రాత రెండూ దాని మీదే నిలబడతాయి.

చల్క నేల తడవకముందే పత్తి గింజ పెడితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. మూడున్నరేళ్ల పిల్లాడి చేత అక్షరాలు దిద్దించడం అలాంటిదే.

ఇక "ఆడుకున్నా" అనే జవాబు. ఆ జవాబుకు నిరాశపడకండి. ఆ వయసు పిల్లలకు పొద్దున జరిగినదంతా వరుసగా చెప్పడం కష్టం. "ఏం నేర్పారు" అనే ప్రశ్న వాళ్లకు మరీ పెద్దది. దానికి బదులు "ఇయ్యాల నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" "టీచరమ్మ చెప్పిన కథలో కోతి ఉందా?" "గుడ్డు తిన్నవా, పచ్చసొన వదిలేసినవా?" అని అడగండి. మాటలు వాటంతట అవే వస్తాయి.

ఆటలో ఏం చదువు ఉందని మీ ఆయన అడుగుతాడు, నాకు తెలుసు. ఇద్దరు పిల్లలు చెక్క ముక్కలతో ఇల్లు కడుతున్నారనుకోండి. పెద్ద ముక్క కింద, చిన్నది పైన పెడితేనే నిలబడుతుందని చేత్తో తెలుసుకుంటారు. కూలిపోతే మళ్లీ కడతారు. ‘ఇది నాది’ అని కొట్టుకుని, తర్వాత వంతులు పెట్టుకుంటారు. ఒకడు మేస్త్రీ, ఒకడు కూలి అవుతాడు. "ఇటుకలు తే", "సిమెంట్ అయిపోయింది" అని మాట్లాడుకుంటారు. ఆ అరగంటలో కొలతలు, బరువు, ఓపిక, ఎదుటివాడి మనసు, కొత్త మాటలు అన్నీ ఉన్నాయి. టీచర్ కథ చెప్పి, సగంలో ఆపి, "తర్వాత ఏమై ఉంటుంది?" అని అడిగితే జవాబు కోసం పిల్లాడు తలలోనే ఒక కథ కట్టాలి. భోజనం ముందు చేతులు కడుక్కోవడానికి వరుసలో నిలబడటం కూడా చిన్న పని కాదు. తనకు కావాల్సింది వెంటనే దొరకకపోయినా కాసేపు ఆగగలగడం ఒకటో తరగతిలో ఎంత అవసరమో ఏ పంతులమ్మను అడిగినా చెప్తుంది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊరు ఉంది. అక్కడ 1962లో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మొదలైంది. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టును మూడు, నాలుగేళ్ల వయసులో మంచి ప్రీస్కూల్‌లో చేర్చారు. పిల్లలు తామే ఏం చేయాలో అనుకుని, చేసి, చేసినదాని గురించి చెప్పుకునే పద్ధతి ఆ స్కూల్‌లో నడిచింది. టీచర్ వారానికోసారి ఇంటికి వచ్చి తల్లితో మాట్లాడేది. రెండో జట్టును అలా చేర్చలేదు. వాళ్లందరినీ నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ పోయారు. తెలివితేటల పరీక్షల్లో మొదటి జట్టుకు వచ్చిన ముందంజ బడిలో చేరిన కొన్నేళ్లకే పోయింది. కానీ హైస్కూల్ పూర్తి చేసినవాళ్లు, పనిలో నిలబడ్డవాళ్లు, పోలీసు కేసుల జోలికి పోనివాళ్లు ఆ జట్టులోనే ఎక్కువ. చిన్నప్పుడు మార్కుల్లో కనపడే తేడా కరిగిపోయింది, ఓపిక, పట్టుదల, నలుగురితో మెలగడం మాత్రం చివరిదాకా నిలబడ్డాయి. మీ తోడికోడలు కొడుకు ఏబీసీడీల గురించి ఆలోచించినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఆ బాబును తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇద్దరూ ఏడేళ్ల వాళ్లయ్యాక ఎవరు ముందు ‘జెడ్’ దాకా రాశారో ఎవరికీ గుర్తుండదు.

2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని రాసింది. ఈ అంకెను చూపించి మూడేళ్ల పిల్లలకు హోంవర్క్ ఇచ్చే స్కూళ్లు ఉన్నాయి, అది నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే అదే విధానం ఈ వయసుకు ఆట ద్వారా, చేతి పనుల ద్వారా నేర్పాలని చెప్పింది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూడమంది, అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్, తర్వాత ఒకటి, రెండు తరగతులు. ఒకటో తరగతికి ఆరేళ్ల వయసు అనుకుంది. వచ్చే జూన్‌కు మీ వాడికి నాలుగేళ్లు. ఆ లెక్కన ఇంకా రెండేళ్లు ఉంది.

ఇంతవరకు చదివి నేను అంగన్‌వాడీ తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి. ఆట అంటే పిల్లలను గదిలో కూర్చోబెట్టి వదిలేయడం కాదు. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే పథకం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) మొదలైనప్పటి నుంచి ప్రీస్కూల్ చదువు అంగన్‌వాడీ సేవల్లో ఒకటిగానే ఉంది. కానీ పౌష్టికాహారం, బరువులు, టీకాలు, గర్భిణుల నమోదు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించడం, మధ్యలో ఎలక్షన్ పనులు, సర్వేలు, వీటన్నిటి మధ్య మొదట దెబ్బతినేది పిల్లల పాఠమే. టీచర్ మంచిదైనా టైం మిగలదు. కొన్ని ఊళ్లలో గది సరిగ్గా ఉండదు. కొన్ని చోట్ల టీచరమ్మకే ఆసక్తి ఉండదు. కాబట్టి సర్కారుదా, ప్రైవేటుదా అనే ప్రశ్న కంటే, మీ బాబు కూర్చునే గదిలో పొద్దుటి నుంచి ఏం జరుగుతోందో చూడటం ముఖ్యం. దానికి మీరే పోవాలి. ఒక రోజు కూలి పోయినా సరే, ఒక పూట అక్కడ కూర్చోండి. మీకు ఆ హక్కు ఉంది. ప్రతి నెలా సెంటర్‌లో తల్లిదండ్రులను పిలిచి పిల్లలు చేసే పనులు చూపించే ‘ఈసీసీఈ డే’ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య దినం) జరపాలి. అది ఎప్పుడో టీచరమ్మను అడిగి ఆ రోజూ పోండి, అయితే మామూలు రోజున కూడా ఒకసారి చూడండి. పండుగ నాడు చూస్తే ఇల్లు ఎట్లా ఉంటుందో తెలియదు కదా.

అక్కడ మొట్టమొదట ఆట సామాను ఎక్కడుందో చూడండి. చాలా సెంటర్లలో బొమ్మలు, పూసలు, చెక్క ముక్కలు బీరువాలో తాళంలో ఉంటాయి. విరిగితే ఆడిట్‌లో అడుగుతారని టీచర్ల భయం. కొత్తగా ఉన్న బొమ్మల పెట్టె కంటే రంగు పోయి, అంచులు అరిగిన చెక్క ముక్కలు నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. తర్వాత ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో వినండి. టీచర్ చెప్పడం, పిల్లలు కోరస్‌గా అరవడం మాత్రమే ఉంటే అది సరిపోదు. ఒక్కో పిల్లాడిని పేరు పెట్టి పిలిచి, వాడు చెప్పేదాకా ఆగుతోందా? కింద కూర్చుని వాడి కళ్లలోకి చూసి మాట్లాడుతోందా? రోజూ ఒక కథ, ఒక పాట, ఎండ ముదరకముందు కాసేపు బయట పరుగు ఉన్నాయా? పోరు పెట్టే పిల్లాడిని కొడుతోందా, తిడుతోందా, లేక దగ్గరికి తీసుకుని మాట్లాడుతోందా? సెంటర్‌లో సాయం చేసే ఆయమ్మ పిల్లలను బాత్రూమ్‌కు తీసుకెళ్లే తీరు కూడా చూడండి. పిల్లలు ఎక్కడ అవమానపడతారో అక్కడికి మళ్లీ రావాలనుకోరు.

తాగే నీళ్ల మాట మాత్రం తప్పకుండా అడగండి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎంతమంది నడుములు వంచిందో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్లలకు రాబోయే పక్కా పళ్లు ఎనిమిదేళ్ల లోపే చిగుళ్ల కింద తయారవుతుంటాయి. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగితే మరకలు పళ్లకు జీవితాంతం ఉంటాయి. సెంటర్‌లోనూ ఇంట్లోనూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగించండి.

ఏదైనా లోటు కనపడితే గొడవతో మొదలుపెట్టకండి. "అమ్మా, బొమ్మలు బయట పెడితే మేమే సాయంత్రం సర్ది పెడతాం" అనండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వంతుగా పోయి ఒక గంట కూర్చుంటే టీచరమ్మకు కూడా చెయ్యి ఆసరా దొరుకుతుంది. మీ అత్తమ్మ లాంటి పెద్దవాళ్లు వారానికోసారి వచ్చి కథ చెప్తే ఏ టీచరూ కాదనదు. అప్పటికీ మారకపోతే సూపర్‌వైజర్‌కు, ఆపైన సీడీపీఓకు (ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికి) కాగితం మీద రాసి ఇవ్వండి. అది ఫిర్యాదు అని సంకోచపడొద్దు. అక్కడ పెట్టే అన్నం, గుడ్డు, పప్పు, చదువు అన్నీ మీ బాబు కోసం వచ్చినవే.

ఇప్పుడు ఆ నర్సరీ గురించి. దాన్ని కూడా ఇదే కళ్లతో చూడండి. ఆఫీసు గది, యూనిఫాం, గోడ మీద మిక్కీమౌస్ చూసి తిరిగి రాకండి. తరగతి నడుస్తున్నప్పుడు పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడనిమ్మని అడగండి. నిలబడనివ్వకపోతే అదే మీకు జవాబు. ఒక గదిలో ఎంతమంది? ఎన్ని నోటుబుక్కులు? రోజూ ఎంతసేపు రాయిస్తారు? ఆడే స్థలం ఉందా? పిల్లాడికి ఒంటికి రెంటికి వస్తే చెప్పుకునే భాషలో మాట్లాడే మనిషి ఉందా? ఆటపాటలతో బాగా నడిపే ప్రైవేటు స్కూళ్లూ ఉన్నాయి, మీకు అలాంటిది దొరికితే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే వేయొచ్చు. కానీ అప్పు చేసి మాత్రం వద్దు. ఈ వయసులో ఫీజుకు చేసిన అప్పు వడ్డీ, రేపు వాడు హైస్కూల్‌కు వచ్చినప్పుడు పుస్తకాలకు, హాస్టల్‌కు అవసరమయ్యే డబ్బును తినేస్తుంది. వ్యాన్ గురించి మీ అత్తమ్మ చెప్పిన మాట నిజం. పొద్దున్నే నిద్ర లేపి, తినీ తినక, ఊళ్లన్నీ తిరిగే వ్యాన్‌లో కూర్చోబెడితే వాడి నిద్రే ముందు పోతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇంకో దారి కూడా ఉంది. ఈ మధ్య కొన్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనూ ప్రీప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. మీ ఊరి బడిలోనో పక్క ఊళ్లోనో ఉందేమో కనుక్కోండి.

ఇంగ్లిష్ గురించి మీ ఆయన ఆశను నేను తక్కువ చేయను. హైదరాబాద్ రోడ్ల మీద ఆయనకు ఆ భాష అవసరం రోజూ కనపడుతుంది. కొడుకు తనలా ఇబ్బంది పడకూడదని అనుకోవడం తండ్రి ప్రేమ. కానీ మూడేళ్ల పిల్లాడు ‘ఏ ఫర్ యాపిల్’ అనడం ఇంగ్లిష్ రావడం కాదు, అది పాట వచ్చినట్టు. ఒక భాషలో బాగా ఆలోచించి, కారణం చెప్పి, కథ చెప్పగలిగే పిల్లాడికి రెండో భాష అందుకోవడం సులువు. చందంపేట, దేవరకొండ తండాల్లో పిల్లలను చూడండి. ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలి మాట్లాడి, అంగన్‌వాడీకి వచ్చి తెలుగు వింటారు. టీచర్ వాళ్ల మాటను గౌరవించి, రెండు భాషల్లో మాట్లాడితే ఆ పిల్లలు కొన్నాళ్లకే రెండిట్లోనూ నవ్వుతూ కబుర్లు చెప్తారు. ‘నీ భాష వద్దు’ అని నోరు నొక్కితే రెండిట్లోనూ మూగబోతారు. మీ వాడికీ ఇదే వర్తిస్తుంది. ముందు తెలుగులో వాడి నోరు ఆగకుండా మాట్లాడేలా చేయండి.

ఆ పని మీ ఇంట్లోనే జరగాలి. చేను నుంచి వచ్చి, పొయ్యి ముందు కూర్చునే మీకు పాఠం చెప్పే టైం ఎక్కడిది అనకండి. పాఠం చెప్పొద్దు. మీ పనిలోనే వాడిని కలుపుకోండి. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు పక్కన కూర్చోబెట్టండి. బొటనవేలు, చూపుడు వేలితో చిన్న రాయిని పట్టుకోవడం రేపు పెన్సిల్ పట్టుకునే చేతికి నేరుగా ఉపయోగపడుతుంది. జొన్నరొట్టె చేసేటప్పుడు చిన్న పిండి ముద్ద ఇవ్వండి, వాడు పిసుకుతాడు, తడతాడు, పాము చేస్తాడు. పల్లికాయలు ఒలిపించండి, కానీ నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా కళ్ల ముందే ఉంచుకోండి. గిన్నెలు పెట్టేటప్పుడు "నాకొకటి, నానమ్మకొకటి, నీకొకటి, ఎన్ని అయినయ్?" అనండి. లెక్క అక్కడి నుంచే వస్తుంది. నూరు దాకా వల్లె వేయడం కంటే మూడు అంటే మూడు గిన్నెలని తెలియడం గట్టిది. బతుకమ్మ నాడు తంగేడు ఒక పక్క, గునుగు ఒక పక్క, బంతి ఒక పక్క వేరుచేయమని వాడికి ఇవ్వండి. ఏ రంగు వరుస తర్వాత ఏది రావాలో అడగండి. పూలు పేర్చే ఆ పళ్లెం ముందు కూర్చుంటే వర్గీకరణ, క్రమం, రంగులు అన్నీ వస్తాయి, నర్సరీ పుస్తకంలో బొమ్మకు రంగు వేసినదానికంటే బాగా.

మహారాష్ట్రలోని బోర్డి అనే ఊళ్లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు విద్యావేత్తలు గ్రామాల్లోని పిల్లల కోసం 1945 నుంచి చేసిన పని ఇలాంటిదే. ఖరీదైన సామాను లేకుండానే, ఆకులు, గింజలు, గవ్వలతో ఊళ్లోనే, పిల్లల ముంగిట్లోనే బడి నడిపారు. మన అంగన్‌వాడీ ఆలోచనకు అక్కడి అనుభవం ఊతమిచ్చింది. కాబట్టి మీ ఇంట్లో ఏమీ లేదని అనుకోకండి.

మీ అత్తమ్మ రాత్రి పడుకునే ముందు కథ చెప్పగలరా? చెప్పగలిగితే అదే పెద్ద ఆస్తి. ఒకే కథ పదిసార్లు అడిగినా విసుక్కోవద్దని చెప్పండి. ప్రతిసారీ వాడు తర్వాత ఏం వస్తుందో ముందే ఊహించి సంబరపడతాడు. మీ ఆయన రోజూ ఫోన్ చేస్తాడు కదా, ఆ కాల్‌లో బాబుతో "తిన్నవా?" దగ్గర ఆపకుండా, ఆ రోజు కారులో ఎక్కిన మనిషి గురించో, ఛార్మినార్ దగ్గర చూసిన పావురాల గురించో చెప్పమనండి. దూరంగా ఉన్న తండ్రి ఇవ్వగలిగింది ఇదే, దీనికి ఫీజు లేదు.

ఫోన్ చూస్తూ తినడం మాత్రం మాన్పించాలి. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు అన్నీ కలిపి రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. అన్నం దగ్గర అసలే వద్దు. కళ్లు తెర మీద ఉంటే కడుపు నిండిన సంగతి వాడికి తెలియదు, రుచి తెలియదు, మీతో మాట కూడా ఉండదు. మొదటి మూడు నాలుగు రోజులు అలుగుతాడు, సగం తిని లేస్తాడు. భయపడకండి, ఆకలైతే మళ్లీ అడుగుతాడు. అందరూ కలిసి తినండి, వాడి కంచం వాడికి పెట్టి, ఒలికినా వాడి చేత్తోనే తిననివ్వండి. మధ్యలో పది రూపాయల ప్యాకెట్లు మానిపిస్తే సగం పని అయినట్టే. అంగన్‌వాడీలో ఫోన్ లేకుండా తింటున్నాడా అని టీచరమ్మను అడగండి. తింటున్నాడని చెప్తే, ఈ అలవాటు ఇంట్లో అయినదే, ఇంట్లోనే పోతుంది. ప్రతి నెలా వాడి బరువు, ఎత్తు తీస్తారు. ఎదుగుదల చార్టులో గీత పైకి పోతోందా అని కూడా చూసి రండి.

ఇక ‘లైలు’ సంగతి. ‘ర’ పలకాలంటే నాలుక కొస పైకి లేచి వణకాలి. మూడున్నరేళ్లకు చాలామందికి అది రాదు, అయిదేళ్లు దాటాక వచ్చేవాళ్లూ ఉన్నారు. వాడిని ఆపి "రైలు అను, రైలు అను" అని చుట్టాల ముందు అనిపించకండి. వాడు "లైలు వచ్చింది" అంటే, మీరు "అవును, ఎంత పెద్ద రైలు వచ్చిందో" అని మామూలుగా అనండి చాలు. చెవి వింటుంది, నాలుక దాని టైం అది తీసుకుంటుంది.

అయితే కొన్ని గుర్తులు ఉంటే ఆలస్యం చేయొద్దు. వాడి మాటల్లో సగానికి పైగా కొత్తవాళ్లకు అసలు అర్థం కాకపోతే, రెండు మూడు మాటలు కలిపి వాక్యం చేయలేకపోతే, వెనక నుంచి పిలిస్తే పలకకపోతే, తరచూ చెవిలోంచి చీము కారుతుంటే, పరిగెత్తడంలో, మెట్లు ఎక్కడంలో బాగా తడబడితే, తోటి పిల్లల వైపు చూడనే చూడకపోతే చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, నిన్నటిదాకా వచ్చిన మాటో పనో ఇవాళ పోయినట్టు కనపడితే ఏ వయసులోనైనా వెంటనే పోవాలి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూస్తుంది. ఆ రోజు మీరు పక్కన ఉండి ‘ర’ గురించి, చెవి గురించి మీ నోటితో చెప్పండి. అవసరమైతే వాళ్లే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి రాసి పంపుతారు. ఖర్చు ఉండదు. మీ ఉత్తరంలో ఈ గుర్తులేవీ నాకు కనపడలేదు, అయినా వినికిడి ఒకసారి చూపించుకుంటే మీకు నిశ్చింత.

చుట్టాల ముందు ఏబీసీడీలు చెప్పించే ఆ వేడుక గురించి కూడా ఒక మాట. ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు ఒకే వాకిట్లో పెరుగుతున్నారు. వాళ్లను పోటీకి నిలబెట్టకండి. ఎవరైనా "మీవాడికి ఏం వచ్చు?" అంటే "మావాడు కోడిపిల్లలకు గింజలు వేస్తాడు, నాకు బియ్యం ఏరి పెడతాడు" అని వాడు వినేలా చెప్పండి. మీ తోడికోడలుతో మాట్లాడి, సెలవు రోజున ఇద్దరు పిల్లలను కలిసి మట్టిలో ఆడుకోనివ్వండి. పొద్దున లేచింది మొదలు రాస్తున్న ఆ చిన్న వాడికి కూడా అది చాలా అవసరం.

జూన్ దాకా టైం ఉంది. ఈసారి మీ ఆయన ఊరికి వచ్చినప్పుడు ఆదివారం కాకుండా ఒక పనిరోజు ఉండమనండి. పొద్దున ఇద్దరూ అంగన్‌వాడీలో కూర్చోండి, మధ్యాహ్నం ఆ నర్సరీకి పోండి. అంగన్‌వాడీలో కథ, పాట, చేతికి సామాను ఉంటే ఈ ఏడాది వాడిని అక్కడే ఉంచి, ఫీజు కోసం అనుకున్న డబ్బులో కొంత వాడి పేరు మీద పోస్టాఫీసులో వేయండి. అక్కడ అసలేమీ జరగడం లేదని ఇద్దరికీ అనిపిస్తే, సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒకటి రెండు నెలలు చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే, రాత తక్కువగా, ఆట ఎక్కువగా ఉన్న బడిని మీ ఊరికి వీలైనంత దగ్గర్లో వెతకండి.